నేల మీద విమానం, నింగి చెప్పే చోటు

విమానం చక్రాలు నేలకు తాకగానే లోపల సందడి మొదలవుతుంది. ఫోన్లు మోగుతాయి. బెల్టు విప్పొద్దని ఒక పక్క చెబుతుంటే ఇంకో పక్క పైన సామాను అరలు తెరుచుకుంటాయి. గాలిలో ఉన్నంతసేపు బిగపట్టిన ఊపిరి వదిలేసి, ఇంక ఇల్లు చేరినట్టే అనుకుంటాం. కానీ విమానయాన చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువమందిని బలిగొన్న విమాన ప్రమాదం నేల మీదే జరిగింది. 1977 మార్చి 27న, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచులో, ఒక జంబో జెట్ పైకి లేవడానికి పరుగు తీస్తోంది. అదే రన్‌వే మీద ఇంకో జంబో, తాను మళ్ళాల్సిన పక్కదారి కోసం వెతుక్కుంటూ నెమ్మదిగా వస్తోంది. 583 మంది చనిపోయారు. అప్పటికి జీపీఎస్ తొలి ఉపగ్రహం కూడా పైకి వెళ్ళలేదు. అది వెళ్ళింది 1978 ఫిబ్రవరిలో.

ఇప్పుడు ఉపగ్రహాలకు కొదవ లేదు. అమెరికా జీపీఎస్, రష్యా గ్లొనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ ఉన్నాయి. విమానాశ్రయంలో నేల మీద తిరిగే విమానం తానెక్కడుందో తెలుసుకోవడానికి వీటిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఇటలీలోని మిలాన్ నగరానికి లినాటే అని ఒక విమానాశ్రయం ఉంది. 2001 అక్టోబరు 8 ఉదయం అక్కడ దట్టమైన పొగమంచు. రెండు వందల మీటర్ల అవతల ఏముందో కనిపించదు. విమానాలు నిలిపే పడమటి ఏప్రన్ నుంచి ఒక చిన్న సెస్నా జెట్ బయల్దేరింది. ఆర్-5 అనే టాక్సీవే, అంటే విమానాలు నేల మీద నడిచే దారి, పట్టుకుని ఉత్తరంగా వెళ్ళమని టవర్ చెప్పింది. పైలట్ సరేనన్నాడు. ఆర్-5 అని తిరిగి అప్పజెప్పాడు కూడా. తీరా పసుపు గీత రెండుగా చీలిన చోట విమానం ఆర్-6 మీదికి మళ్ళింది. అది ఆగ్నేయంగా పోయి రన్‌వేను అడ్డంగా కోసుకుపోయే దారి. మధ్యలో పైలట్ ‘సియెర్రా-4 దగ్గరికి వస్తున్నాను’ అని రేడియోలో చెప్పాడు. నేల మీద రాసి ఉన్న ఆ గుర్తు టవర్‌లోని మ్యాపులో లేనే లేదు. కంట్రోలర్ మాత్రం విమానం తాను చెప్పిన దారిలోనే ఉందనుకున్నాడు. పోనీ నేలను కనిపెట్టే రాడార్ ఉందా అంటే, పాతది తీసేశారు, కొత్తది ఇంకా పనిలోకి రాలేదు. అదే సమయంలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎండీ-87 టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. సెస్నాను ఢీకొని, అదుపు తప్పి, రన్‌వే చివర ఉన్న సామాను భవనంలోకి దూసుకుపోయింది. రెండు విమానాల్లోని 114 మందీ, ఆ భవనంలో పనిచేస్తున్న నలుగురూ, మొత్తం 118 మంది పోయారు.

పైలట్ ఉన్నాడు, కంట్రోలర్ ఉన్నాడు, రేడియో పనిచేస్తోంది, ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు. ఆ సెస్నా నిజంగా ఎక్కడుందన్న సమాచారం మాత్రం ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు.

ఈ లోటు తీర్చడానికి ఉపగ్రహాన్ని మించిన మార్గం ఏముంటుందని ఎవరికైనా తోస్తుంది. నిజానికి చాలావరకు తీరింది కూడా. ఇప్పుడు చాలా విమానాల కాక్‌పిట్ తెర మీద విమానాశ్రయం మ్యాపు కదులుతూ ఉంటుంది. రన్‌వేలు, టాక్సీవేలు, వాటి పేర్లు, మధ్యలో తమ విమానం బొమ్మ. రన్‌వేను సమీపిస్తున్నప్పుడు ఫలానా రన్‌వే దగ్గరికి వచ్చావని గొంతుతో చెప్పే వ్యవస్థలూ ఉన్నాయి. లినాటే సెస్నాలో అలాంటి తెర ఒకటి ఉండి ఉంటే, బొమ్మ ఆర్-6 మీదికి మళ్ళడం పైలట్ కంట పడి ఉండేది. ఇందులో నాకు అనుమానం లేదు.

అనుమానం ఉన్నది ఇంకో చోట. మెహిదీపట్నం వైపు నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా శంషాబాద్ వెళ్ళేవాళ్ళకు ఇది అనుభవమే: కారు పైన ఫ్లైఓవర్ మీద పోతుంటుంది, ఫోను మాత్రం మనం కింద రోడ్డు మీద ఉన్నామనుకుని ఎడమకు తిరగమంటుంది. నవ్వుకుని ముందుకు పోతాం. కారులో ఉన్నాం కాబట్టి నవ్వగలిగాం. పొగమంచులో కిటికీ అవతల ఏమీ కనిపించని పైలట్ ఆ తెరనే నమ్ముకుని ఉంటే ఏమిటి పరిస్థితి?

కాబట్టి రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. నీ లెక్క నిజానికి ఎంత దగ్గరగా ఉంది అన్నది మొదటిది. నీ లెక్క తప్పినప్పుడు ఆ సంగతి నాకు ఎంతసేపట్లో చెబుతావు అన్నది రెండోది. పరికరాలు అమ్మేవాళ్ళ కరపత్రాలన్నీ మొదటి ప్రశ్నకు జవాబులే. మూడు మీటర్లంటారు, ఒక మీటరంటారు. నా మట్టుకు నాకు రెండో ప్రశ్నే ముఖ్యం. విమానయానంలో దీన్ని ఇంటెగ్రిటీ అంటారు. విమానాలు దిగే పద్ధతులకు దీని మీద అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. ఉదాహరణకు జీపీఎస్‌కు సవరణలు పంపే మన గగన్ వ్యవస్థకు అనుమతి వచ్చిన ఏపీవీ-1 అనే పద్ధతినే తీసుకుందాం. అడ్డంగా 40 మీటర్లకు మించిన తప్పు వస్తే, 10 సెకన్లలోగా పైలట్‌కు హెచ్చరిక అందాలి. రన్‌వే వైపు దిగివస్తున్న విమానానికి ఇది చాలా మంచి హామీ. చూపు సరిపోకపోయినా, హెచ్చరిక వచ్చినా, పైకి లేచి ఇంకోసారి ప్రయత్నించవచ్చు.

అదే హామీని నేల మీదికి తెచ్చి చూడండి. పెద్ద విమానాలు తిరిగే టాక్సీవే వెడల్పు 23 మీటర్లు. అంటే మధ్య గీత నుంచి అంచుకు పదకొండున్నర. అక్కడ 40 మీటర్ల హామీ ఏం అక్కరకొస్తుంది? ఇక 10 సెకన్ల సంగతి. టాక్సీ చేస్తున్న విమానం 20 నాట్ల వేగంతో పోతోందనుకుందాం, అదేమంత వేగం కాదు, సెకనుకు పది మీటర్ల చొప్పున. హెచ్చరిక వచ్చేలోగా వంద మీటర్లు నడిచేస్తుంది. పెద్ద రన్‌వేల దగ్గర విమానం ఆగి నిలబడాల్సిన గీత నుంచి రన్‌వే మధ్య గీతకు ఉండే దూరం మామూలుగా 90 మీటర్లు. గగన్‌ను తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఆ అంకెలు దిగే విమానం కోసం కట్టినవి. నేల మీద నడిచే విమానానికి అవి సరిపోతాయని ఎవరూ మాట ఇవ్వలేదు, మనమే ఊహించుకుంటాం.

విమానం తన చోటును చుట్టుపక్కలకు తానే ప్రసారం చేసుకునే ఏడీఎస్-బీ అనే పద్ధతి ఉంది. అమెరికాలో చాలా గగనతలంలో 2020 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. అందులో విమానం తన చోటుతో పాటు, ఆ చోటు ఎంత నమ్మదగిందో కూడా చెప్పాలి. ఎంచక్కని నియమం. కానీ అక్కడ నిబంధన అడిగే కనీస కచ్చితత్వం 92.6 మీటర్ల లోపు. మామూలు రోజున అసలు తప్పు కొన్ని మీటర్లే ఉండవచ్చు. ఉండవచ్చు అనే మాటకూ, ఉంటుంది అనే హామీకీ మధ్య దూరమే భద్రత గురించిన చర్చంతా. పక్కపక్కన ఉన్న రెండు టాక్సీవేల మధ్య గీతల ఎడం, పెద్ద విమానాలకు కూడా, 76 మీటర్లు ఉంటే చాలు. 92.6 మీటర్ల హామీతో, విమానం ఈ టాక్సీవే మీద ఉందా, పక్కదాని మీద ఉందా అన్నది కూడా ఖాయంగా చెప్పలేం.

పైగా విమానాశ్రయం నేల ఉపగ్రహ సంకేతాలకు కొత్త చిక్కులు తెస్తుంది. గాలిలో ఉన్న విమానం చుట్టూ ఖాళీ ఆకాశమే. టెర్మినల్ పక్కకు వచ్చేసరికి అద్దాల గోడలు, హ్యాంగర్ రేకులు, ఏరోబ్రిడ్జి, పక్కన నిలిచిన విమానం తోక. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చిన సంకేతంతో పాటు వీటికి తగిలి మళ్ళీ వచ్చినదీ యాంటెన్నాలో పడుతుంది. చుట్టు తిరిగి వచ్చింది కాబట్టి ఆలస్యంగా వస్తుంది. రిసీవర్ కాలాన్ని బట్టే దూరం కొలుస్తుంది గనక లెక్క తప్పుతుంది. గగన్ దీన్ని దిద్దలేదు. గగన్‌కు దేశమంతటా 15 పరిశీలనా కేంద్రాలున్నాయి. అవి ఉపగ్రహాల తప్పులను, వాతావరణం పై పొరల్లో వచ్చే ఆలస్యాలను పట్టుకుని సవరణలు పంపుతాయి. భువనేశ్వర్‌లోనో నాగ్‌పూర్‌లోనో కూర్చున్న కేంద్రానికి శంషాబాద్ టెర్మినల్ గోడ చేసే అల్లరి ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి. తెర మీద కనిపించే చోటుకు మూలం విమానం వీపు మీద ఉన్న యాంటెన్నా. పెద్ద విమానాల్లో రెక్క కొసలు దానికి ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉంటాయి. ఎయిర్‌బస్ ఏ380 రెక్కల నిడివి ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 80 మీటర్లు, కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్‌కు ఆ కొసలు కనిపించవు. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో ఒక ఏ380 టాక్సీ చేస్తూ, రెక్క కొసతో ఒక చిన్న జెట్‌ను తాకి, దాన్ని గిర్రున తిప్పేసింది. అదృష్టం, ప్రాణాలు పోలేదు. మరుసటి ఏడాది అమెరికా రవాణా భద్రతా బోర్డు పెద్ద విమానాల రెక్క కొసలను పైలట్‌కు చూపించే కెమెరాల వంటి సాధనాలు పెట్టాలని సిఫార్సు చేసింది.

మ్యాపు కూడా నిజం చెప్పాలి కదా. 2000 అక్టోబరు 31 రాత్రి, తైపేలో తుఫాను వానలో, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 747 ఒకటి పనుల కోసం మూసేసిన రన్‌వే మీదికి మళ్ళి టేకాఫ్ పరుగు తీసింది. అక్కడున్న నిర్మాణ యంత్రాలను ఢీకొంది. 83 మంది చనిపోయారు. ఆ రాత్రి ఆ రన్‌వే మూసి ఉందన్న సంగతి ఎక్కించని మ్యాపు దాన్ని మంచి రన్‌వేగానే చూపిస్తుంది. మన శంషాబాద్‌లో 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే పక్కన ఉన్న టాక్సీవే, ప్రధాన రన్‌వేకు మరమ్మతులు జరిగేటప్పుడు రన్‌వేగా పనిచేస్తుంది. నిన్న నెమ్మదిగా నడిచే దారి, ఇవాళ పరుగు తీసే దారి. అక్కడ చోటు తెలిస్తే చాలదు, ఇవాళ ఆ చోటు ఏ హోదాలో ఉందో కూడా తెలియాలి.

ఇంతవరకు చెప్పినవి ఎవరి దురుద్దేశమూ లేని తప్పులు. ఇక మనుషుల పని చూద్దాం.

జీపీఎస్ సంకేతం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. నేలకు చేరేసరికి అది ఎంత బలహీనమంటే, దాన్ని నొక్కేయడానికి గుప్పెట్లో పట్టే జామర్ చాలు. అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయంలో, దిగే విమానాలకు జీపీఎస్ సవరణలు పంపే ఒక కొత్త కేంద్రం పెట్టారు. అది ఉండుండి గుడ్డిదైపోయేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. విమానాశ్రయాన్ని ఆనుకుని న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే పెద్ద రహదారి పోతుంది. ఆ దారిన పోయే కొన్ని వాహనాల్లో జామర్లున్నాయని క్రమంగా తేలింది. 2012 ఆగస్టులో అధికారులు దిశను పసిగట్టే పరికరాలతో వెంటాడి ఒక పికప్ ట్రక్కును పట్టుకున్నారు. అందులో ఉన్నవాడు ఉగ్రవాదీ కాదు, గూఢచారీ కాదు. కంపెనీ వాళ్ళు ట్రక్కుకు ట్రాకర్ పెట్టారు, తాను ఎక్కడ తిరుగుతున్నాడో యజమానికి తెలియకూడదని జామర్ పెట్టుకున్నాడు. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 31,875 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. యజమాని కన్నుగప్పుదామనుకున్నవాడు విమానాశ్రయం కన్నే కప్పేశాడు. నాకు ఈ కథలో భయం కలిగించేది అతని అమాయకత్వమే.

జామింగ్‌లో తెర ఖాళీ అవుతుంది, అంతవరకు మేలు, ఏదో తేడా ఉందని తెలుస్తుంది. స్పూఫింగ్ అలా కాదు. నకిలీ సంకేతం పంపి, రిసీవర్‌ను తప్పుడు చోటు నమ్మిస్తారు. 2024లో తూర్పు మధ్యధరా సముద్రం మీదుగా ఎగురుతున్న ఎన్నో విమానాలు, తాము బీరూట్ విమానాశ్రయంలో నేల మీద ఉన్నామని చూపించాయి! ఎక్కడో మబ్బుల్లో పోతున్న విమానానికి రన్‌వే పక్కన నిలబడి ఉన్నావని చెప్పడమంటే ఏమిటో ఊహించండి. ఒకసారి అలా మోసపోయిన రిసీవర్ ఆ ప్రాంతం దాటినా తేరుకోకపోవచ్చు. గడియారం కూడా తప్పిపోవచ్చు. దిగిన తర్వాత, టాక్సీ చేసేటప్పుడు, కదిలే మ్యాపూ గొంతు హెచ్చరికలూ అదే రిసీవర్ మీద ఆధారపడితే వాటికి విలువ లేదు. అందుకే బయల్దేరే ముందు పైలట్లు చేసే ఒక పాత పని ఇప్పుడు మళ్ళీ విలువ తెచ్చుకుంది. ప్రతి పార్కింగ్ బే అక్షాంశ రేఖాంశాలు విమానాశ్రయం చార్టులో అచ్చయి ఉంటాయి. విమానంలోని ఇనర్షియల్ వ్యవస్థ ఉపగ్రహంతో పని లేకుండా కదలికలను బట్టి చోటు లెక్కించుకుంటుంది. దానికి మొదటి చోటు ఇచ్చేటప్పుడు, జీపీఎస్ చెప్పిందీ చార్టులో ఉన్నదీ ఒకటేనా అని సరిచూసుకోవాలి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా 465 జీపీఎస్ జోక్యం ఘటనలు నమోదయ్యాయని, వాటిలో ఎక్కువ అమృత్‌సర్, జమ్ము ప్రాంతాలవని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. తర్వాత సాక్షాత్తు దిల్లీ విమానాశ్రయం దగ్గర, 10వ నంబరు రన్‌వే వైపు జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలకు స్పూఫింగ్ ఎదురైంది. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు, 2025 డిసెంబరు 1న రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో ఈ సంగతి ఒప్పుకున్నారు. నివేదికలు వచ్చిన నగరాల్లో హైదరాబాద్ పేరు కూడా ఉంది. నేల మీది పాత రేడియో సాధనాలున్న రన్‌వేలకు ఇబ్బంది రాలేదనీ, అలాంటి సాధనాలను కనీస సంఖ్యలో కొనసాగిస్తున్నామనీ అదే సమాధానంలో ఉంది. పాతవాటిని అటకెక్కించకుండా ఉంచుకోవడం ఖర్చే. అయినా ఆ ఖర్చు పెట్టాల్సిందేనని నా అభిప్రాయం.

భారతదేశానికి ప్రకృతి పెట్టిన చిక్కు ఇంకొకటి ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పం దక్షిణ కొస మీదుగా పోతుంది. దాంతో మన పైనున్న అయనోస్ఫియర్ అనే వాతావరణం పై పొర నిలకడగా ఉండదు. ముఖ్యంగా మార్చి ఏప్రిల్, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, పొద్దుగూకిన తర్వాత అందులో బుడగల్లాంటివి లేచి ఉపగ్రహ సంకేతాలను చిందరవందర చేస్తాయి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులకు ఈ పొర పాత పరిచయం. దశాబ్దాల కిందటే అక్కడ అయనోస్ఫియర్ పరిశోధన మొదలైంది. గగన్ కోసం దేశమంతటా పెట్టిన జీపీఎస్ రిసీవర్ల లెక్కలను విశ్లేషించి 2006లో ముఖ్యమైన పత్రాలు ప్రచురించారు. అమెరికా ఆకాశానికి సరిపోయిన నమూనా మన ఆకాశానికి సరిపోదు గనక ఇస్రో తన సొంత అయనోస్ఫియర్ నమూనా తయారు చేసుకుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగి చూపించింది.

మరి నేల మీద ఏం చేయాలి? విమానం తానెక్కడున్నానో తానే చెప్పుకుంటే, అది ఒక సాక్షి మాత్రమే. దిల్లీ, హైదరాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో నేలను కనిపెట్టే వ్యవస్థలు ఇంకా రెండు రకాల సాక్ష్యం తీసుకుంటాయి. రాడార్ తిరుగుతూ కదిలే ప్రతి వస్తువునూ చూస్తుంది. చుట్టూ పాతిన రిసీవర్లు విమానం ట్రాన్స్‌పాండర్ పంపే సంకేతం తమకు ఏ క్షణంలో అందిందో పోల్చి, విమానం చోటును తామే లెక్కగడతాయి. విమానం జీపీఎస్ ఏం చెప్పుకుంటోందన్న దానితో వాటికి పని లేదు. మూడూ కలిస్తే సరే, ఒకటి తేడా చెబితే అక్కడే అనుమానించాలి. చిన్న విమానాశ్రయాలకు ఇంత ఖర్చు పెట్టలేక, విమానాల సొంత ప్రసారాల మీదే నడిచే చవకైన తెరలు ఇప్పుడు వస్తున్నాయి. అమెరికాలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఆస్టిన్‌లో 2023 ఫిబ్రవరి 4న, పొగమంచులో దిగుతున్న సరుకు రవాణా విమానానికి, అదే రన్‌వే మీద ఎగరబోతున్న ప్రయాణికుల విమానం చివరి క్షణంలో కనిపించింది. పైలట్ పైకి లేపేశాడు. అక్కడ నేలను చూసే రాడార్ లేదు. తర్వాత ఆ చవక తెరలు మొదట పెట్టిన చోట్లలో ఆస్టిన్ ఒకటి. ఏమీ లేనిదానికంటే నయమే, సందేహం లేదు. ఒక్క సాక్షి మీద నడిచే తెర అని గుర్తుంచుకుంటే చాలు.

సాక్షులందరూ నిజం చెప్పినా వినేవాడుండాలి. 2024 జనవరి 2న టోక్యో హనెడా విమానాశ్రయంలో, భూకంప బాధితులకు సామాను తీసుకెళ్ళాల్సిన తీర రక్షక దళం విమానం, రన్‌వే బయట ఆగాల్సింది పోయి లోపలికి వచ్చి 40 సెకన్ల పాటు నిలబడింది. దాంట్లో ఏడీఎస్-బీ లేదు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఏ350లో ఉన్న 379 మందీ బయటపడ్డారు. చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. టవర్‌లో నేల వ్యవస్థ మాత్రం పనిచేసింది, రన్‌వే ఖాళీగా లేదని తెర మీద రంగు మార్చి చూపించింది. అక్కడ ఎవరూ ఆ హెచ్చరికను గమనించలేదు. నాలుగు రోజులు తిరక్కముందే హనెడా టవర్‌లో ఒక కంట్రోలర్‌ను ఆ తెర ముందు కూర్చోబెట్టారు. అతనికి వేరే పని లేదు, చూస్తూ ఉండటమే.